రాజ్యరక్షణము - వ్యక్తి స్వేచ్ఛ

పౌరశాస్త్రము చదువు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపకరించునను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

రాజ్యమునకు రెండు ధర్మములు కలవు. ప్రజల ప్రాణములను కాపాడుట మొదటిది. ఆ ప్రజల స్వేచ్ఛను తానే హరింపకుండుట రెండవది. 2008 నవంబరు 26న ముంబయి నగరముపై ఉగ్రవాదులు దాడి చేసి 160 మందికి పైగా జనులను చంపిరి. అట్టి ఘోరమును జరుగక మునుపే ఆపవలెనని ప్రభుత్వము తలంచుట న్యాయమే. కాని నేరము చేయక మునుపే మనుష్యుని బంధించు అధికారమునకు హద్దు ఎచ్చట?

మన రాజ్యాంగమునందలి 22వ అధికరణము ఈ హద్దును చూపుచున్నది. పోలీసువారు ఒకనిని పట్టుకొన్నచో కారణము చెప్పవలెను, ప్లీడరును సంప్రదింపనీయవలెను, ప్రయాణకాలము గాక 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ఇది సాధారణ పద్ధతి. నేరము చేయవచ్చునను అనుమానముతో ముందుగానే బంధించుటకు నివారక నిర్బంధమని పేరు. దీనికి పై రక్షణలు వర్తింపవు. అయినను సలహా మండలి అంగీకారము లేక సామాన్యముగా మూడు నెలలకు మించి నిర్బంధింపరాదు. కారణములను త్వరలో తెలిపి, వానిపై మనవి చేసికొను అవకాశము ఈయవలెను.

ఈ విషయమై తొలి పెద్ద వ్యాజ్యము మన దక్షిణదేశముననే పుట్టెను. మదరాసు ప్రభుత్వముచే నిర్బంధింపబడిన కమ్యూనిస్టు నాయకుడు ఎ. కె. గోపాలన్ 1950లో సుప్రీం కోర్టుకు మొరపెట్టుకొనిరి. అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు నివారక నిర్బంధ చట్టమును సమర్థించిరి. కాని నిర్బంధ కారణములను కోర్టుకు సయితము వెల్లడింపరాదను 14వ సెక్షనును కొట్టివేసిరి.

భాషాల్పసంఖ్యాకులమైన మనము మరువరాని తీర్పు 1962 నాటిది. హరికిషన్ అను మహారాష్ట్ర నిర్బంధితునకు కారణములను ఇంగ్లీషున వ్రాసి యిచ్చిరి. తనకు ఆ భాష రాదనియు, హిందీలో ఇండనియు ఆయన కోరెను. అధికారి నోటితో అనువదించి చెప్పినాడుగదా యని ప్రభుత్వము వాదించెను. అది చాలదని సుప్రీం కోర్టు ఆ నిర్బంధమును చెల్లదనెను. తెలియని భాషలో చెప్పిన కారణము చెప్పని కారణముతో సమానమే గదా! మాతృభాషలో చదువను వ్రాయను నేర్చుట ఎట్టి రక్షణయో దీనివలన తెలియుచున్నది.

అత్యవసర పరిస్థితి అమలులోనున్న 1976లో సుప్రీం కోర్టు వేరొక దారి త్రొక్కెను. నిర్బంధితుడు తన స్వేచ్ఛకై కోర్టుకు పోజాలడని ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు చెప్పిరి. హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే కాదనిరి. 1977లో ప్రధాన న్యాయమూర్తి పదవి తనకంటె తరువాతివారికి పోగా ఆయన రాజీనామా చేసిరి. 1978 నాటి 44వ సవరణము 20, 21 అధికరణముల హక్కులను అత్యవసర పరిస్థితిలో సయితము ఆపరాదని విధించెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు 1976 నాటి తీర్పు తప్పని త్రోసివేసిరి.

ఉగ్రవాదమును అణచుటకు వచ్చిన టాడా చట్టము 1995లో ముగిసెను. 2002 నాటి పోటా 2004లో రద్దయ్యెను. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారమును సాక్ష్యముగా గ్రహించుట ఆ రెంటి లక్షణము. ముంబయి దాడి తరువాత 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టమును సవరించిరి. సాధారణ చట్టము క్రింద అభియోగపత్రము లేక గరిష్ఠముగా 90 దినములు మాత్రమే నిర్బంధింపవచ్చును. ఇచ్చట కోర్టు అనుమతితో 180 దినముల వరకు ఉంచవచ్చును. బెయిలు దొరకుటయు కష్టము. అయినను విచారణ మితిమీరి ఆలస్యమైనచో బెయిలు ఈయవచ్చునని 2021లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను.

చేనికి కంచె కావలెను; కాని కంచెయే చేను మేయరాదు. కావున ఇట్టి చట్టమును చూచినపుడు మూడు సంగతులు పరిశీలింపవలెను. కారణము నిర్బంధితునకు తెలియు భాషలో చెప్పుచున్నారా? బంధించినవారు గాక వేరొకరు దానిని పరీక్షించుచున్నారా? కాలమునకు గడువు కలదా? ఈ మూడును ఉన్నచోట భద్రతకు కొరత రాదు, నిర్దోషికి దిక్కు ఉండును.

అభ్యాసము
1. సాధారణ నిర్బంధమునకును నివారక నిర్బంధమునకును గల భేదమేమి?
2. 1962 నాటి తీర్పును మీ యింటివారికి చదివి వినిపించి, వారి అభిప్రాయమును వ్రాయుడు.
3. 44వ సవరణము ఏల అవసరమయ్యెను?