“సరే” అంటే సరిపోదు
(విమానం లేచేముందు జరిగే సంభాషణ గురించి)

విమాన ప్రమాదం అనగానే మనకు తోచేది ఇంజను చెడిపోవడమో, తుఫానులో చిక్కుకోవడమో. కాని ప్రపంచ విమానయాన చరిత్రలో అన్నిటికంటే ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్న ప్రమాదం ఆకాశంలో జరగలేదు, నేలమీద జరిగింది. ఢీకొన్న ఆ రెండు విమానాల్లోనూ యంత్రలోపం ఏదీ లేదు. పొగమంచు ఉన్నమాట నిజమే, కాని అసలు లోపం మాటల్లో ఉంది. ఆ మాటల సంగతి తెలుసుకోవడం విమానం ఎక్కేవాళ్ళకే కాదు, ఎక్కనివాళ్ళకూ అవసరమని నా అభిప్రాయం.

ఎన్ని అనుమతులు?

మన మధురపూడి నుంచి హైదరాబాదు వెళ్ళే విమానాన్నే తీసుకుందాం. ప్రయాణికులు ఎక్కి తలుపులు మూశాక పైలట్ తన ఇష్టం వచ్చినట్టు కదలడానికి వీల్లేదు. టవర్‌లో కూర్చున్న కంట్రోలర్‌ను రేడియోలో ఒక్కొక్కటీ అడగాలి. ఇంజన్లు స్టార్ట్ చేయడానికి ఒక అనుమతి. ఏ దారిన, ఏ ఎత్తున వెళ్ళాలో చెప్పే రూట్ క్లియరెన్స్ ఒకటి. చక్రాల మీద నడుచుకుంటూ రన్‌వే వైపు వెళ్ళడానికి, అంటే టాక్సీకి, మరొకటి. రన్‌వేకు ఇవతల హోల్డింగ్ పాయింట్ అని గీత గీసి ఉంటుంది. అది దాటి రన్‌వే ఎక్కాలంటే మళ్ళీ అనుమతి. చివరికి టేకాఫ్ క్లియరెన్స్. చిన్న విమానాశ్రయంలో ఇదంతా ఒక్క టవర్‌తోనే జరిగిపోతుంది. శంషాబాద్ లాంటి పెద్దచోట కంట్రోలర్లూ వేరు, ఫ్రీక్వెన్సీలూ వేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రూట్ క్లియరెన్స్ అంటే “లేచాక ఇలా వెళ్ళు” అని. టేకాఫ్ క్లియరెన్స్ అంటే “ఇప్పుడు లే” అని. రెండూ వేర్వేరు సంగతులు, కాని రెండింటినీ క్లియరెన్స్ అనే అంటారు.

టెనెరిఫ్‌లో జరిగింది

1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన కానరీ ద్వీపాల్లో లాస్ పామాస్ విమానాశ్రయంలో బాంబు పేలింది. అక్కడ దిగవలసిన విమానాలను పక్కనున్న టెనెరిఫ్ ద్వీపానికి, లోస్ రోదియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్ళించారు. వాటిలో రెండు జంబో జెట్లు ఉన్నాయి: డచ్చివారి కె.ఎల్.ఎం., అమెరికావారి పాన్ యామ్. విమానాలు కిక్కిరిసి టాక్సీ దారి మూసుకుపోవడంతో రెండూ రన్‌వే మీదుగానే నడవవలసి వచ్చింది. దట్టమైన పొగమంచు. టవర్‌కు విమానాలు కనబడవు, ఒక విమానానికి మరొకటి కనబడదు. నేలమీద విమానాలను చూపించే రాడారు అక్కడ లేదు.

కె.ఎల్.ఎం. రన్‌వే చివరికి వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడింది. పాన్ యామ్ ఇంకా రన్‌వే మీదే వస్తోంది. ఆ సమయంలో టవర్ కె.ఎల్.ఎం.కు రూట్ క్లియరెన్స్ ఇచ్చింది. కోపైలట్ దాన్ని తిరిగి అప్పజెప్పి, చివర “మేమిప్పుడు టేకాఫ్ వద్ద ఉన్నాం” అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక ముక్క చేర్చాడు. అప్పటికే కెప్టెన్ విమానాన్ని పరుగెత్తిస్తున్నాడు. కంట్రోలర్ మాత్రం, వీళ్ళు టేకాఫ్ చేసే చోట నిలబడి ఉన్నారనుకున్నాడు. “ఓకే” అని, ఒక్క క్షణం ఆగి, “టేకాఫ్‌కు ఆగండి, నేను పిలుస్తాను” అన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్‌వారు తామింకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పారు. రెండు గొంతులూ కలిసి కె.ఎల్.ఎం.లో ఒక కీచుశబ్దం వచ్చింది. వాళ్ళకు స్పష్టంగా వినపడింది ఆ “ఓకే” ఒక్కటే. కొన్ని సెకన్లకే 583 మంది మరణించారు. బతికి బయటపడినవారు 61 మంది, అందరూ పాన్ యామ్‌లోనివారే.

“టేకాఫ్ వద్ద” అన్నమాటను పరభాషవాళ్ళ తడబాటుగా కొట్టిపారేయనక్కర్లేదు. మన తెలుగే చూడండి. “బయలుదేరుతున్నాను” అంటే బయలుదేరబోతున్నాడనా, బయలుదేరేశాడనా? ఫోనులో “ఇదిగో వచ్చేస్తున్నా” అన్నవాడు ఇంకా స్నానమైనా చేసి ఉండడు! ఇంట్లో అయితే దీనివల్ల అన్నం చల్లారుతుంది, అంతే. రన్‌వే మీద అలా కాదు.

ఆ కీచుశబ్దం ఎక్కడిది?

విమానాల రేడియో సంభాషణ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్ పద్ధతిలో జరుగుతుంది. ఒక టవర్ ఫ్రీక్వెన్సీని అందరూ పంచుకుంటారు. ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే మిగతావారు వినాలి. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి క్యారియర్ తరంగాలూ రిసీవర్‌లో కలుస్తాయి. వాటి ఫ్రీక్వెన్సీల్లో ఒక వెయ్యి హెర్ట్జ్ తేడా ఉన్నదనుకోండి, ఆ తేడాయే ఈల శబ్దంగా వినిపిస్తుంది. రెండు శృతిదండాలను కలిపి మోగించినప్పుడు వచ్చే బీట్స్ సూత్రమే ఇదీను. ఎఫ్.ఎం. పద్ధతిలో అయితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండోవాడు మాట్లాడాడనే తెలియదు. కాబట్టి ఆ కీచుమన్నది ఒక రకంగా హెచ్చరిక: “ఇక్కడ ఏదో మాట పోయింది, మళ్ళీ అడుగు” అని.

తరువాత వచ్చిన మార్పులు

నేడు “టేకాఫ్” అన్న పదాన్ని టేకాఫ్ అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని తిరిగి చెప్పేటప్పుడు, లేదా రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలి. మిగతా అన్ని సందర్భాల్లో “డిపార్చర్” అనాలి. రన్‌వేకు సంబంధించిన ప్రతి అనుమతినీ పైలట్ తిరిగి అప్పజెప్పాలి. దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు. “ఓకే”, “రోజర్” అంటే చెల్లదు. రేడియోలో ఫైవ్, నైన్ ఒకదానికొకటి పొరపడేలా ఉంటాయని తొమ్మిదిని “నైనర్” అంటారు. 2008 నుంచి అంతర్జాతీయ సర్వీసుల పైలట్లకూ, కంట్రోలర్లకూ ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష ఉంది.

అయినా కథ ముగియలేదు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో, భూకంప బాధితులకు సామాగ్రి తీసుకెళ్ళవలసిన కోస్ట్‌గార్డు విమానానికి, నీవు నంబర్ వన్, హోల్డింగ్ పాయింట్ వరకు రమ్మని టవర్ చెప్పింది. పైలట్లు తప్పులేకుండా రీడ్‌బ్యాక్ చేశారు. కాని కెప్టెన్ రన్‌వే ఎక్కడానికి అనుమతి వచ్చిందనుకున్నాడు. ఎక్కి నిలబడ్డ విమానం మీదకు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు. చిన్నదానిలోని ఆరుగురిలో ఐదుగురు పోయారు. రీడ్‌బ్యాక్ వల్ల చెవి చేసే తప్పు దొరుకుతుంది, మనసు చేసే తప్పు దొరకదు.

కంట్రోలర్ల మధ్య కూడా మాట జారవచ్చు. 2022 జనవరిలో బెంగళూరులో రెండు సమాంతర రన్‌వేల నుంచి రెండు ఇండిగో విమానాలు దాదాపు ఒకేసారి లేచి దగ్గరకు వచ్చాయి. రాడారు కంట్రోలర్ గమనించి వాటిని చెరొక దిక్కుకూ మళ్ళించడంతో గండం గడిచింది.

మనకు దీనితో పనేమిటి?

పల్లెల్లో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి “ఎల్.సి.”, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఏ ఫీడరు? ఎవరు తీసుకున్నారు? తిరిగి ఇచ్చింది ఆ మనిషేనా? ఈ మూడు ప్రశ్నలకు బదులు “చెప్పాం లెండి”, “సరే సరే” అన్న మాటలు నడిస్తే ఏమవుతుందో మన జిల్లాల రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. టవర్‌కూ సబ్‌స్టేషన్‌కూ సూత్రం ఒక్కటే.

టెనెరిఫ్ కథలో ఒక్కమాట మిగిలింది. ఆఖరి సెకన్లలో కె.ఎల్.ఎం. ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. పాన్ యామ్ రన్‌వే దాటిందా, లేదా అని అడిగాడు. దాటిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆయన ఆ కంపెనీలో పేరుమోసిన సీనియర్, ఇతరులకు పాఠం చెప్పేవాడు. ఇంజనీరు రెండోసారి అడగలేదు. అందుకే తరువాత కాలంలో చిన్నవాడు పెద్దవాణ్ణి ధైర్యంగా ప్రశ్నించడం కూడా పైలట్ల శిక్షణలో భాగమైంది.

పెద్దలు చెప్పాక మళ్ళీ అడగడం మర్యాద కాదని మనలో చాలామంది అనుకుంటాం. క్లాసులోనూ అంతే, “అర్థమైందా?” అంటే అందరం తల ఊపుతాం. అనుమానం ఉన్నచోట రెండోసారి అడగడం ఎదురుచెప్పడం కాదు. ఆ ప్రశ్న విని విసుక్కోకుండా సమాధానం చెప్పవలసిన బాధ్యత పెద్దల మీద కూడా ఉంది.