ఆపరేషన్ థియేటర్‌లో ఇంజనీరింగ్ విద్యార్థి



ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి. ఆపరేషన్ల గురించి చెప్పేంత చదువు నాకు లేదు. అయినా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీలో కొందరికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా తమ్ముడి కొడుకు బయోమెడికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా, సెలవుల్లో శిక్షణ కోసం ఒక ఆసుపత్రికి వెళ్లాడు. మొదటి రోజే ఆపరేషన్ చూడనిచ్చారు. డాక్టరుగారు కత్తి పెట్టగానే వీడికి చెమటలు పట్టాయి. కాసేపటికి ఏదో కాలుతున్న వాసన వచ్చింది. కళ్లు తిరిగాయి. నర్సమ్మ పట్టుకొని బయట కూర్చోబెట్టింది. ఆ రాత్రి ధర్మపురికి ఫోన్ చేసి, "పెదనాన్నా, ఈ చదువు నాకు కుదరదు, మానేస్తాను" అన్నాడు. వాళ్లమ్మ ఒకటే ఏడుపు. కట్టిన ఫీజులు, తెచ్చిన బ్యాంకు అప్పు అందరికీ కళ్ల ముందు కనబడ్డాయి.

మాకు తెలిసిన డాక్టరుగారిని అడిగాను. ఆయన నవ్వి, "వైద్య విద్యార్థులు కూడా పడిపోతారండీ. రక్తం చూడగానే కొందరికి గుండె వేగం, రక్తపోటు తగ్గి, మెదడుకు చాలినంత రక్తం అందదు. అది పిరికితనం కాదు. కడుపు ఖాళీగా వెళ్లకూడదు. బిగుసుకొని నిలబడక కాళ్లు కదుపుతూ ఉండాలి. చెమట పట్టగానే కూర్చోవాలి" అన్నారు.

ఈ మాటలు వాడికి చెప్పి, "ఆ వాసన ఏ యంత్రం నుంచి వచ్చిందో, అదెలా పనిచేస్తుందో తెలుసుకో. తర్వాత కావాలంటే మానేద్దువు గాని" అన్నాను.

వారం తర్వాత వాడే ఫోన్ చేశాడు. అది కరెంటుతో కోసే, రక్తం ఆపే కాటరీ యంత్రమట. మన ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటే, ఇందులో లక్షల సార్లు. అందుకే నరాలకు షాక్ తగలదు. సన్నని మొనలో కరెంటు ఒకచోట చేరి వేడి పుట్టిస్తుంది. తర్వాత ఒంట్లోంచి సాగి, తొడకు అంటించిన వెడల్పాటి పలక ద్వారా యంత్రానికి తిరిగివస్తుంది. పలక సరిగా అంటుకోకపోతే అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంది. "మా జంట పద్దు లాంటిదేరా, పోయినదానికి లెక్క కుదరాలి" అన్నాను. "అవును పెదనాన్నా. పలక ఊడితే అలారం మోగే యంత్రాలున్నాయి. డాక్టరుగారి చూపు గాయం మీద ఉంటుంది. పలక సంగతి ఇంజనీరు ముందే ఆలోచించాలి గదా" అన్నాడు. చదువు మానే మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పటికీ చెమట పడుతుందట, గోడ దగ్గర నిలబడి చూస్తాడట.

విమాన ఇంజనీరింగ్ చదివిన అబ్దుల్ కలాంగారు హైదరాబాదులో క్షిపణుల పనిలో ఉన్నప్పుడు, నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు అక్కడి తేలికైన పదార్థాన్ని చూసి ఆయనను తమ రోగుల దగ్గరికి తీసుకువెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లతో కాళ్లీడుస్తూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. రాకెట్ విజయాలతో పాటు దీన్నీ ఆయన తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో ఒకటిగా చెప్పుకునేవారు. ఆసుపత్రికి వెళ్లి కళ్లారా చూడకపోతే ఆ పదార్థం క్షిపణిలోనే ఉండిపోయేది.

విద్యార్థులారా, ఇలాంటి అవకాశం వస్తే భయపడి వదులుకోకండి. థియేటర్‌లో చెప్పనిదే ఏదీ ముట్టుకోకండి. రోగి పేరు, వివరాలు బయట చెప్పకండి. గదిలోని ఒక్క యంత్రం గురించైనా తెలుసుకొని నోటుబుక్కులో రాసుకోండి. ఆసక్తి ఉన్నవారికి పైచదువూ ఉంది. మనకు దగ్గరలోని వేలూరు సి.ఎం.సి., మద్రాసు ఐ.ఐ.టి., తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. నడుపుతున్నాయి.

తల్లిదండ్రులారా, పిల్లలు రాత్రిపూట ఏడుస్తూ ఫోన్ చేస్తే వెంటనే "వచ్చెయ్" అనకండి, "నోరు మూసుకొని చదువు" అని కూడా అనకండి. ఒక వారం గడువివ్వండి. చేతికి ఒక ప్రశ్న ఇవ్వండి.