పేరా రాశారా? ఇప్పుడు మీరే దిద్దండి!

టీచర్ దిద్దిన నోట్‌బుక్ చేతికి రాగానే మీ చూపు ముందు ఎక్కడికి పోతుంది? మార్కుల దగ్గరికి. పదికి ఆరు. పక్కవాళ్లకు ఎన్నొచ్చాయో చూస్తారు, నోట్‌బుక్ మూసేస్తారు. ఈ అలవాటును ఇవాళే మార్చేద్దాం.

పోయిన ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోయాయి? టీచర్ ముందు క్లాసు మొత్తం నోట్‌బుక్‌లు ఉంటాయి. ప్రతి వాక్యం పక్కన కారణం రాసేంత టైమ్ ఆవిడకు దొరకదు. మీకు దొరుకుతుంది. మీ పేరా మీరే దిద్దుకోవడం ఒక స్కిల్. పుట్టుకతో ఎవరికీ రాదు, ప్రాక్టీస్ చేస్తే అందరికీ వస్తుంది.

ఒక్క ముక్కలో చెప్పగలరా?

‘చెరువుల పరిరక్షణ’ మీద ఒక పేరా రాయమన్నారు అనుకుందాం. చాలామంది ఇలా రాస్తారు:

“నీరు ప్రాణాధారం. నీరు లేనిదే జీవులు బతకలేవు. పూర్వం రాజులు ఎన్నో చెరువులు తవ్వించారు. రామప్ప గుడి చాలా అందమైనది. నేడు చెరువులు కబ్జాకు గురవుతున్నాయి. కాబట్టి మనమందరం నీటిని కాపాడుకోవాలి.”

అక్షరదోషం ఒక్కటీ లేదు. అయినా ఈ పేరా బలహీనంగా ఉంది. ఎందుకో మీరే పట్టుకోండి. ‘ఈ పేరాలో నేను చెప్పింది ఏమిటి?’ అని అడిగి, జవాబు ఒకే వాక్యంలో మార్జిన్‌లో రాయండి. రాయలేకపోతున్నారు కదూ? నీళ్లు, రాజులు, గుడి, కబ్జా... దేని దారి దానిదే.

ఇప్పుడు ఒక్క విషయం ఎంచుకోండి. దానికి పనికిరాని వాక్యాన్ని కొట్టేయండి. రామప్ప గుడి వాక్యం పోవాల్సిందే. ఎంత ఇష్టమైన వాక్యమైనా జాలిపడొద్దు. మిగిలిన ప్రతి వాక్యాన్నీ ‘ఎలా? ఎందుకు?’ అని నిలదీయండి. అప్పుడు పేరా ఇలా తయారవుతుంది:

“కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండితే నీళ్లు మత్తడి దూకి కింది చెరువులోకి చేరతాయి. అదీ నిండితే ఆ కిందిదానికి. అందుకే మధ్యలో ఒక్క చెరువు కబ్జా అయినా గొలుసు తెగుతుంది. నీళ్లు పైన ఇళ్లలోకి వస్తాయి, కింది పొలాలకు అందవు.”

తేడా చూశారా? ‘కాపాడుకోవాలి’ అనే మాటే లేదు. కానీ చదివినవాళ్లకు ఎందుకు కాపాడాలో అర్థమైపోయింది. ఈ పేరాలో పెద్ద పదాలు లేవు, ఒక విషయం ఎలా పనిచేస్తుందో వరుసగా చెప్పిన వాక్యాలున్నాయి. మార్కులు పడేది అక్కడే.

కళ్లను నమ్మొద్దు, చెవులను నమ్మండి

రాసిన వెంటనే దిద్దొద్దు. అప్పటికి మీ మనసులో ఉన్నదే పేజీ మీద కూడా కనిపిస్తుంది. రాత్రి రాస్తే పొద్దున్నే తీయండి. పైకి చదవండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే ఇంకా మంచిది. ఊపిరి అందక ఆగిన చోట వాక్యం పొడవైందని అర్థం. రెండుగా విరిచేయండి. ‘ప్రభుత్వం’ అని మొదలై ‘చేస్తున్నారు’ అని ముగిసిన వాక్యం చెవికి ఇట్టే దొరుకుతుంది.

ఎగ్జామ్ హాల్లో రాత్రంతా ఆగే వీలుండదు. అక్కడ ఇంకో జవాబు రాసి, తర్వాత దీని దగ్గరికి రండి. చివరి ఐదు నిమిషాలు దీనికోసం ముందే పక్కన పెట్టుకోండి.

ఫ్రాంక్లిన్ చేసిన పని

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు వినే ఉంటారు. 1706లో బోస్టన్‌లో పుట్టాడు. బడిచదువు రెండేళ్లే. అన్న ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకుంటూ, రాయడం తనకు తానే నేర్చుకున్నాడు. ఎలాగో ఆత్మకథలో చెప్పాడు. ‘స్పెక్టేటర్’ పత్రిక వ్యాసం చదివి, ఒక్కో వాక్యానికి చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పెట్టేవాడు. తర్వాత ఆ గుర్తులు మాత్రమే చూస్తూ వ్యాసాన్ని తన మాటల్లో రాసి, అసలుదానితో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. కొన్నిసార్లు గుర్తులను కావాలనే కలిపేసి, మళ్లీ వరుసలో పెట్టేవాడు. వాక్యాల క్రమం అలా పట్టుబడింది.

ఇదే పని మీరు తెలుగు దినపత్రిక సంపాదకీయంలో ఒక పేరాతో చేయండి. వారానికి ఒక్కటి చాలు. కోచింగ్ అక్కర్లేదు, ఖర్చు లేదు.

తప్పుల పేజీ

నోట్‌బుక్ చివరి పేజీలో మీ తప్పులు రాసుకోండి. విషయం దాటితే ‘వి’, ఉదాహరణ లేకపోతే ‘ఉ’, భాషాదోషమైతే ‘భా’. నెల తిరిగేసరికి ఏ అక్షరం ఎక్కువగా ఉందో చూడండి. మీ బలహీనత అదే. వచ్చే నెల దాని మీదే పనిచేయండి. అన్నీ ఒకేసారి సరిచేయాలనుకుంటే ఏదీ కాదు.

ఫ్రెండ్‌కి కూడా ఒక పేరా ఇవ్వండి. ‘బాగుందా?’ అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. ‘నీకేం అర్థమైంది?’ అని అడగండి. తన జవాబు, మీరు మార్జిన్‌లో రాసిన వాక్యం కలిస్తే పేరా పాసైనట్టే.

పదో తరగతిలో మొదలుపెట్టిన ఈ అలవాటు చాలా దూరం వస్తుంది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్‌కు 150 మార్కులు. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసానికి 250. అక్కడ రాసేదీ పేరాలే.

పోయిన వారం రాసిన నోట్‌బుక్ తీయండి. ఏదో ఒక పేరా చాలు. పెన్సిల్ పట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టండి.