తీసివేత లెక్కయు కంప్యూటరును

చిన్న తరగతులలో కంప్యూటరు పాఠము ప్రారంభమైనది మొదలు తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, ఎక్కములే సరిగా రాని పిల్లవానికి ఈ యంత్రమెందుకండీ?" ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానముగా మూడవ తరగతిలో జరిగిన యొక సంగతిని వ్రాయుచున్నాము. ఇందులో తప్పు మాది గనుక దాచక చెప్పవలసియున్నది.

ఆ తరగతిలో ఒక బాలుడు తీసివేత లెక్కలు పదింటికి నాలుగు మాత్రమే సరిగా చేయుచుండెను. 52లోనుండి 17 పోగా 45 అనియు, 83లోనుండి 46 పోగా 43 అనియు, 60లోనుండి 24 పోగా 44 అనియు వ్రాసెను. 94లోనుండి 51 పోగా 43 అని మాత్రము సరిగానే వ్రాసెను. వచ్చిన లెక్కలు కొన్ని యుండుటచేత, రానివి అజాగ్రత్తవలన తప్పినవని మేము తలంచి, అతని పుస్తకముపై "శ్రద్ధ లేదు" అని ఎర్ర సిరాతో వ్రాసి యింటికి పంపితిమి. మరునాడు పుస్తకములో తండ్రి సంతకమును, పిల్లవాని అరచేతులమీద బెత్తపు వాతలును కనబడెను.

కంప్యూటరు పాఠమనగా మీటలు నొక్కుట యని చాలమంది తలంతురు. ఈ వయసువారు మొదట నేర్చునది అది కాదు. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, వరుస తప్పక చెప్ప నేర్తురు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్జైగ్, సింథియా సాలమన్ మొదలగువారు పిల్లలకొరకే లోగో అను కంప్యూటరు భాషను కల్పించిరి. అందులో ఒక తాబేలునకు ఆజ్ఞలిత్తురు. 50 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి అని నాలుగుమార్లు చెప్పినచో అది చతురస్రము గీయును. 90కి బదులు 60 అన్నచో అట్లే తిరుగును, చతురస్రము రాదు. అప్పుడు తాబేలు మొద్దు అని పిల్లలెవ్వరును అనరు. ఆజ్ఞలో తప్పెక్కడ నున్నదో వెదకుదురు. అట్టి తప్పునకే బగ్గు అని పేరు.

ఒకనాడు విద్యుత్తు లేకపోగా యంత్రము లేకయే ఈ పాఠమును ఆటగా ఆడించితిమి. ఒకడు యంత్రము, మరియొకడు ఆజ్ఞలిచ్చువాడు. పైన చెప్పిన బాలుని వంతు రాగా అతడు తీసివేతకు ఆజ్ఞలిచ్చెను. "పై అంకెను, క్రింది అంకెను చూడుము. రెండింటిలో పెద్దదానినుండి చిన్నదానిని తీయుము." యంత్రమైన బాలుడు నల్లబల్లమీద అట్లే చేయగా 45 వచ్చినది.

మేము అతని పుస్తకము తెప్పించి చూచితిమి. పది లెక్కలును ఆ సూత్రము ప్రకారమే యున్నవి, ఒక్కటియైనను తప్పిపోలేదు. ఈ సూత్రము ఎవరు చెప్పిరని అడుగగా, "ఒకటవ తరగతిలో మీరే చెప్పితిరి గదండీ" అనెను. నిజమే. "ఎప్పుడును పెద్దదానిలోనుండి చిన్నదానినే తీయవలెను" అని మేమే పలికించియుంటిమి. ఒక్క అంకె లెక్కలకు అది చాలినది. శ్రద్ధ లేదని మేము వ్రాసినది మా మాటను అక్షరాల పాటించిన పిల్లవానిని గూర్చి.

పిల్లల తీసివేత తప్పులనేకము ఇట్టి స్థిరమైన బగ్గులేయని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను ఇరువురు 1978లోనే వ్రాసిరి. పిల్లవాడెట్టి తప్పు సూత్రమును పాటించుచున్నాడో ఉపాధ్యాయులు ఊహించుట నేర్చుకొనుటకై బగ్గీ అను ప్రోగ్రామును సైతము వారు తయారుచేసిరి. శిక్షణ కళాశాలలో మాకీ సంగతి ఎవ్వరును చెప్పలేదు.

తరువాత చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించితిమి. 52 అనగా ఐదు కట్టలు, రెండు పుల్లలు. మన భాషలో యాబదిరెండు అను పేరే ఆ సంగతి చెప్పుచున్నది. రెండు పుల్లలలోనుండి ఏడు తీయలేము గనుక ఒక కట్ట విప్పవలెను. అప్పుడు నాలుగు కట్టలు, పండ్రెండు పుల్లలు. వానిలో ఏడు పుల్లలును, ఒక కట్టయు తీసిన మూడు కట్టలు, ఐదు పుల్లలు మిగులును, అనగా 35. దీనిని అప్పు తెచ్చుట యనుట వాడుక. తిరిగి తీర్చని అప్పు అప్పెట్లగును? మేమిప్పుడు "కట్ట విప్పుట" అనుచున్నాము.

ఎర్ర సిరా వ్రాతను కొట్టివేసి, "తప్పు బోధించినవారిది" అని దానిక్రింద వ్రాసి పుస్తకమును ఇంటికి పంపితిమి. మరుసటి వారము తండ్రి బడికి వచ్చి, మాతో ఎక్కువ మాటలాడక, కొడుకుప్రక్కన బల్లమీద కూర్చుండి, ఆ పుల్లలతో 83లోనుండి 46 ఎట్లు తీయవలెనో చూపుమని వానినే అడిగెను.