జొన్న పాతరలో చక్కెర పోవు దారులు

అనంతపురము మెట్టలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు పడదు. ఆగస్టులో వాన చాటువేసినచో వేరుశనగ కాయయే కాదు, పశువులకు కట్టె కూడ కరవగును. బోరు క్రింద అరెకరము పచ్చజొన్న వేసి పాతరవేసిన రైతు మాత్రము వేసవిలో ఎద్దులను సంతకు తోలుకొని పోనక్కరలేదు, పాతర చెడకున్నచో.

ఒక గ్రామమున పాతర విప్పునప్పుడు నేను దగ్గర నుంటిని. పై రెండడుగులు నల్లబడి, బూజుపట్టి, వెచ్చగా నుండెను. అడుగుది లేత పసుపుగా, కమ్మని పులుపు వాసనతో నుండెను. చేను ఒక్కటే, కోసిన దినమును ఒక్కటే. తేడా ఎచ్చట వచ్చినది?

జొన్నకాడ రసములో చక్కెర కలదు. ఆకులమీద కంటి కగపడని సూక్ష్మజీవులు సహజముగనే యుండును. వాని శరీరములో చక్కెరను మెట్టుమెట్టుగా విరుగగొట్టు పదార్థములను ఎంజైములందురు. ఒక్కొక్క ఎంజైము కాలువ గట్టున నున్న మడవ వంటిది. చక్కెర మొదట పైరువిక్ ఆమ్లమగును. ఆ దారిలో దానినుండి ఉదజని వేరుపడును. దీనిని మోయు బండ్లు కొద్దియే. బరువు దింపిననే గాని బండి మరల రాదు.

గాలి యున్నచోట బూజులు, ఈస్టులు, కొన్ని సూక్ష్మజీవులు ఆ బరువును ప్రాణవాయువుపై దింపును. చక్కెర పూర్తిగా కాలి, నీరు, బొగ్గుపులుసు వాయువు, వేడిమి యగును. పై రెండడుగుల కథ ఇదియే. గాలి లేనిచోట లాక్టిక్ సూక్ష్మజీవులు బరువును పైరువిక్ ఆమ్లము మీదనే దింపును. అది లాక్టిక్ ఆమ్లమై మేతను కాపాడును.

మడవ కట్టిన నీరు వేరు దారి పట్టునను సంగతిని శాస్త్రజ్ఞులు ఎషెరీషియా కోలై అను ప్రేగు సూక్ష్మజీవిలో స్పష్టముగా చూచిరి. గాలి లేనప్పుడు అది ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లములు, సారాయి మున్నగునవి కలగలుపుగా చేయును. పైరువిక్ ఆమ్లమును ఫార్మిక్ వైపు విరుచు ఎంజైము జన్యువును చెరిపినచో చక్కెర ఎక్కువగా లాక్టిక్ ఆమ్లము వైపు మరలును. లాక్టిక్ మడవను కూడ కట్టివేసినచో గాలి లేనిచోట అది చక్కెరతో పెరుగజాలదు. బండ్లన్నియు బరువుతో నిలిచిపోవును! అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఇన్‌గ్రామ్ బృందము దీనిలో వేరొక సూక్ష్మజీవి ఎంజైములను చేర్చి, చక్కెరను సారాయి వైపు త్రిప్పెను. 1991లో ఇచ్చిన ఆ దేశపు 50 లక్షలవ పేటెంటు దీనికే.

మన పాతరలో ఎవరును జన్యువులను చెరుపనక్కరలేదు. లాక్టిక్ సూక్ష్మజీవులలో ఆల్డొలేసు ఎంజైము గలవి, లేనివి సహజముగనే కలవు. అది గలవి 180 పాళ్ల గ్లూకోజునుండి 180 పాళ్ల లాక్టిక్ ఆమ్లమును చేయగలవు. అది లేనివి పక్కదారి పట్టి 90 పాళ్ల ఆమ్లము, 46 పాళ్ల సారాయి, 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువు చేయును. వాయువు గాలిలో కలిసినట్లే. అయినను వీనిని బొత్తిగా చెడ్డవనుట న్యాయము కాదు. వీనిలో కొన్ని చేయు ఎసిటిక్ ఆమ్లము పాతర విప్పిన పిమ్మట ఈస్టులను అదుపులో నుంచును.

నీరు మిక్కిలిగా నున్న మేతలో ఇంకొక జాతి లేచి, లాక్టిక్ ఆమ్లమునే తిని దుర్వాసనగల బ్యుటిరిక్ ఆమ్లము చేయును. కావున గింజ పాలు గట్టిపడు దశలో కోయవలెను. నరికిన మేతను గుప్పిట పిండినప్పుడు వ్రేళ్లసందున నీరు కారినచో ఒక పూట వాడనీయవలెను. అంగుళము ముక్కలుగా నరికి, జానెడు మందము పరచి, మూలలను మరువక త్రొక్కవలెను. చాలమంది నడుమ త్రొక్కి మూలలను వదలుదురు, గాలి అచ్చటనే దాగును. ఒకటి రెండు దినములలో నింపి, ప్లాస్టిక్ పట్ట కప్పి, పైన మట్టి వేయవలెను. మట్టి బీటవారినచో అదే దినమున పూడ్చవలెను.

నలుబదియైదు దినముల తరువాత ఒక ప్రక్కనుండి మాత్రమే, ఆనాటికి కావలసినంత తీసి వెంటనే కప్పవలెను. వేరుశనగ కట్టెలో చక్కెర తక్కువ, పులుపెక్కుటయు కష్టము. దానిని విడిగా పాతరవేయక ఎండబెట్టి వామి వేయుటయే మేలు. వానలేక గిడసబారిన లేతజొన్నలో సైనైడు విషముండును. పాతరలో అది చాలవరకు తగ్గును గాని పూర్తిగా పోయినదని నమ్మరాదు. అట్టి మేతను మొదట కొద్దిగా, ఇతర మేతతో కలిపి పెట్టవలెను. పశువు రొప్పుచు తూలినచో మేత ఆపి వెంటనే పశువైద్యుని పిలువవలెను.