క్రియ చివర దాగిన 'నేను'

మాక్ ఇంటర్వ్యూలో నా ఎదుట కూర్చున్నది ఈసీఈ ఆఖరి సంవత్సరం అమ్మాయి. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే 'మైసెల్ఫ్ ఫలానా' అని మొదలుపెట్టింది. తర్వాత 'అవర్ ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్' అంది. ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి అంతా 'వీ'నే: వీ డిజైన్డ్, వీ టెస్టెడ్. పొలంలో తేమ తగ్గితే మోటారు దానంతటదే ఆన్ అయ్యే పరికరం అది.

"అందులో నువ్వేం చేశావమ్మా?" అని తెలుగులో అడిగాను.

"సెన్సార్ రీడింగులు తప్పు చూపిస్తుంటే రెండు వారాలు కూర్చుని కోడ్ మొత్తం మళ్లీ రాశాను సార్."

మరి ఇంగ్లిష్‌లో ఆ మాట ఎందుకు రాలేదు? "ఐ, ఐ అంటుంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది కదా సార్" అంది.

ఆ జంకు ఎక్కడిదో నాకు తెలుసు. తెలుగులో 'నేను' అనకుండానే పూటంతా మాట్లాడొచ్చు. 'రాశాను'లో చివరి 'ను' చాలు, రాసింది ఎవరో తెలిసిపోతుంది. 'నేను రాశాను' అంటే కాస్త నొక్కినట్టు, 'నేనే రాశాను' అంటే ఛాతీ విరిచినట్టు. ఇంగ్లిష్ క్రియకు ఆ తోక లేదు. 'రోట్' అంటే ఎవరు రాశారో తేలదు, అందుకే కర్తను ముందే చెప్పి తీరాలి. మన 'ను' చేసే పనే అక్కడ 'ఐ' చేస్తుంది. అంతకుమించి అందులో గర్వమేమీ లేదు.

కాబట్టి వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని క్రియ చివర చూడమన్నాను. 'రాశాను' అని వస్తే ఐ, 'రాశాం' అని వస్తే వీ. నలుగురూ కలిసి చేసినదాన్ని 'ఐ' అనడం ఎంత తప్పో, ఒక్కదానివే చేసినదాన్ని 'వీ' అనడమూ అంతే తప్పు. ఎదుటివాళ్లు ఉద్యోగం ఇచ్చేది ఒక్క మనిషికి. ఆ మనిషి చేసిన పనేమిటో వాళ్లకు తెలియాలి.

ఇల్లు, ఊరు, అమ్మానాన్నలు మనకు ఎప్పుడూ 'మా'వే. ఒక్కగానొక్క బిడ్డ కూడా 'మా నాన్న' అనే అంటుంది. నాకెంతో ఇష్టమైన అలవాటది. కానీ ఇంగ్లిష్‌లో 'మై ఫాదర్' అనాలి. ఇక 'నేను ఫలానా' అన్న తెలుగు వాక్యానికి క్రియతో పని లేదు. 'మైసెల్ఫ్ ఫలానా'లోనూ క్రియ కనిపించకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. 'ఐ యామ్' అంటే సరిపోతుంది. మైసెల్ఫ్‌ను 'నాకు నేనే' అని వచ్చే చోటికి దాచుకోవాలి: 'ఐ టాట్ మైసెల్ఫ్ పైథాన్'. ఆ అమ్మాయి పైథాన్ నిజంగా అలాగే నేర్చుకుందట!

గుమ్మం బయట భయపడుతూ నిలబడినప్పుడు మాత్రం 'నేను'ను కాసేపు పక్కన పెట్టవచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు తమను తాము పేరుతోనో 'నువ్వు' అనో పలకరించుకున్నవాళ్లు 'నేను' అనుకున్నవాళ్లకన్నా తక్కువ కంగారుపడ్డారు. బయట 'నువ్వు చేయగలవు', లోపల 'ఐ'.

మళ్లీ మొదలుపెట్టాం. 'ఐ రీరోట్ ద కోడ్' అన్నప్పుడు 'ఐ' దగ్గర ఆమె గొంతు తగ్గింది. ఇంకోసారి చెప్పించాను, తగ్గలేదు. నేను అడగకముందే తనే ఇంకో వాక్యం కలిపింది: 'వీ టెస్టెడ్ ఇట్ ఇన్ మై ఫాదర్స్ ఫీల్డ్.'