పేషెంటు తాలూకు ఎవరు?

అమ్మలూ,

ముగ్గురిలో ఎవరి సంతకం తీసుకోవాలని అడిగావు. పక్షవాతం వచ్చి స్పృహలో లేని పెద్దావిడ. గొంతుకు రంధ్రం పెట్టి గొట్టం వెయ్యాలా వద్దా అన్నది ప్రశ్న. డాలస్ నుంచి వీడియో కాల్లో ‘ఎంతైనా సరే, అన్నీ చెయ్యండి’ అంటున్న కొడుకు, నోట్లో కొంగు కుక్కుకుని కారిడార్లో నిలబడ్డ కూతురు, ఎనిమిదేళ్లుగా ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్న పనిమనిషి. ఇంతా రాసి, చివర్న ‘చట్టం ప్రకారం ఎవరత్తా?’ అన్నావు. చట్టం తర్వాత. ముందు నీకు చీవాట్లు.

ఉత్తరంలో సోడియం ఉంది, స్కానులో ఏముందో ఉంది. ఆవిడ ఎలాంటి మనిషో ఒక్క ముక్క లేదు. భర్త పోయేముందు ఆయన్ని ఐసీయూలో ఉంచారా, ఇంటికి తీసుకుపోయారా? అప్పుడు ఈవిడ ఏమన్నారు? కనుక్కున్నావా? ‘పేషెంటు తాలూకు ఎవరమ్మా?’ అని మన వార్డుల్లో వేసే కేక నలభై ఏళ్లు విన్నాను. ఆ కేకకు ముందుకొచ్చేది ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడో, బిల్లు కట్టేవాడో. పేషెంటు మనసు తెలిసినవాళ్లు చాలాసార్లు వెనకాల గోడకి ఆనుకుని ఉంటారు.

నేను చేసిన పనొకటి చెబుతాను. అప్పుడు నేనూ నీలాగే హౌస్ సర్జన్ని. నలభై ఏళ్ల మనిషి, టీ కొట్టులో గ్లాసులు కడిగేవాడు. చిన్నప్పట్నుంచీ బుద్ధి ఎదగలేదని అన్నగారు చెప్పాడు. షుగరుతో పాదం కుళ్లిపోయింది, మోకాలి కింద తీసెయ్యాలి. కాగితాల పని నాది. అన్నగారి చేత సంతకం పెట్టించాను. అతనితో మాత్రం ‘పుండు కడుగుతాం, అంతే’ అని చెప్పి థియేటర్లోకి పంపాను. అడక్కపోవడమే కాదు, అబద్ధం కూడా ఆడాను. మర్నాడు రౌండ్స్‌కి వెళ్లేసరికి మంచం కిందికి వంగి చూస్తున్నాడు. రెండు చెప్పులూ అక్కడే ఉన్నాయి, ముందురోజు విడిచినట్టే. ఒకటి చేతిలోకి తీసుకుని, ‘చెబితే సరే అనేవాణ్ణి కదా డాక్టరమ్మా’ అన్నాడు. కోపంగా అనలేదు. ఆ కొట్టులో ఎవరికి ఎన్ని టీల బాకీ ఉందో అతను నోటితోనే చెప్పేవాడట. ఆ సంగతి అన్నగారు తర్వాత చెప్పాడు, నేను ముందు అడగలేదు గనక. కాలు తియ్యకపోతే ప్రాణం పోతుందంటే అర్థం కాని మనిషేం కాదు.

అందుకే ఎవరి సంతకం అని నన్నడిగినవాళ్లని, పేషెంటునే అడిగారా అని ముందు సతాయిస్తాను. బ్యాంకు లెక్కలు తెలియని మనిషి తన ఒంటి సంగతి చెప్పగలడు. సాయంత్రం అయోమయంగా ఉన్న తాతగారు పొద్దున పదింటికి శుభ్రంగా మాట్లాడతారు. చెవి మిషను ఇంట్లో మరిచిపోయి వచ్చినందుకు ‘మతి స్థిమితం లేదు’ అని రాసిన కేస్ షీట్లు చూశాను. 2009లో చండీగఢ్ ప్రభుత్వ హోంలో ఉన్న, బుద్ధి పూర్తిగా ఎదగని ఒక గర్భవతి విషయంలో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది: ఆమె బిడ్డ కావాలంటోంది, ఆమె తరఫున ప్రభుత్వం గర్భస్రావానికి ఒప్పుకోవడం కుదరదని. అంతకు ముందు ఏడాది సమీరా కోహ్లీ కేసు. మత్తులో ఉన్న ఆమెకు గర్భసంచి తియ్యడానికి బయట కూర్చున్న తల్లి ఒప్పుకుంటే చెల్లదన్నారు. మెలకువ వచ్చాక ఆమెనే అడగొచ్చు, ప్రాణానికి అంత తొందరేమీ లేదు.

సరే, నీ పెద్దావిడని అడిగే వీల్లేదు. మామూలు వైద్యానికి మొదట భర్త, తర్వాత పెద్దకొడుకు అని వరస కట్టిన చట్టం మనకి లేదు. ఉందని అందరూ అనుకుంటారు, మీ ప్రొఫెసర్లతో సహా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో ఉన్న వరస మానసిక వైద్యానికే. అందులో ముందు పేషెంటు తానే నామినేట్ చేసుకున్న మనిషి, ఆ తర్వాతే బంధువు, తర్వాత దగ్గరుండి చూసుకునేవాళ్లు. జీతం తీసుకుని చూసుకున్నా సరే, ఆ చట్టం వాళ్లని లెక్కలోకి తీసుకుంటుంది. నీ పనిమనిషికి అది వర్తించదు గానీ, ఆలోచన పట్టుకో. ఆవిడ చేత సంతకం పెట్టించమనడం లేదు. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఆ ఇంటి మాటలు చెప్పించు.

తర్వాత కొడుకునీ కూతుర్నీ కలిపి కూర్చోబెట్టు. ‘ఏం చెయ్యమంటారు?’ అని మాత్రం అడక్కు. ఆ ప్రశ్నకి ఏ కొడుకైనా ‘అన్నీ చెయ్యండి’ అనే అంటాడు, లేకపోతే అమ్మని చంపుకున్నవాడౌతాడు. ‘అమ్మ ఇప్పుడు లేచి కూర్చుని, మనందరి మాటా విని ఉంటే ఏమనేవారు?’ అని అడుగు. గొంతు మారుతుంది, చూడు. ఒక్క మాటా ఎవరికీ గుర్తు లేకపోతేనే, ఆవిడకి ఏది మేలో అందరూ కలిసి చూడాలి. ఆస్తి గొడవలుంటే చెవిన వేసుకో, కానీ డబ్బు కడుతున్నాడని కొడుకుని అనుమానించకు. దూరాన ఉన్నవాడి భయం పెద్దగా మాట్లాడిస్తుంది. ఆస్పత్రి మాత్రం తనే తాలూకు అయి కూర్చోకూడదు, ఎంత మంచి ఆస్పత్రైనా. ప్రాణం మీదికొచ్చి ఎవరూ లేనప్పుడు సంతకం కోసం ఆగక్కర్లేదని నీకు తెలుసుగా.

ఆవిడ బీరువాలో ఏదైనా కాగితం ఉందేమో చూడమను. 2018లో సుప్రీంకోర్టు ముందస్తు కోరిక రాసుకోవచ్చంది గానీ, మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో చాలామంది ఆ జోలికి పోలేదు. 2023లో దాన్ని మార్చి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. నేను రాసుకున్నాను. నా తరఫున చెప్పడానికి మీ బావ పేరుతోపాటు నీ పేరూ పెట్టాను, వాడికి ఇంకా చెప్పలేదు.

డాలస్ అబ్బాయికి మనకి సాయంత్రం ఆరు దాటాక చెయ్యి, అక్కడ తెల్లవారి ఉంటుంది. నిద్రలోంచి లేపి అడిగే ప్రశ్న కాదిది. పనిమనిషి ఏం చెప్పిందో నాకు రాయి.

మీ అత్త